సోడా పొంగుతోంది.. గిట్టుబాటు అడుగంటుతోంది

* పది రూపాయల సీసాలో పన్ను వాటాయే రూ.2.86
* లోపలి పానీయం కన్నా బయటి సీసాకే ఖర్చెక్కువ
* బెల్లం పుట్టినింట పానకానికి తప్పని చిక్కులు
* ఉమ్మడి సీసా, ఉమ్మడి యూనిటే శరణ్యం

అనకాపల్లి: కొత్త అమావాస్యతో నూకాంబిక అమ్మవారి జాతర మొదలైందంటే అనకాపల్లిలో వేసవి అడుగుపెట్టినట్లే. నెల రోజుల పాటు సాగే ఈ జాతరకు ఉత్తరాంధ్ర నలుమూలల నుంచి భక్తులు తరలివస్తారు. వారి దాహం తీర్చేందుకు చెరకు రసం బళ్లు, గోలీ సోడా బళ్లు, శీతల పానీయాల దుకాణాలు పోటీ పడతాయి. చెరకు రసం బండికి పెట్టుబడి స్వల్పం. గానుగ, కొన్ని గ్లాసులు, కాసిన్ని నిమ్మకాయలు, అల్లం ఉంటే వ్యాపారం నడుస్తుంది. అదే రసాన్ని సీసాలో పోసి, మూత బిగించి, పేరు అతికించి పక్క ఊరికి పంపాలనుకున్న క్షణం నుంచి కష్టాలు మొదలవుతాయి. సొంతంగా పానీయాలు తయారు చేయాలనుకునే చిన్న ఉత్పత్తిదారులు రుచిలో ఓడిపోవడం లేదు. సీసా, పన్ను, రవాణా, దుకాణంలో చోటు అనే నాలుగు లెక్కల దగ్గర చతికిలబడుతున్నారు.

దేశంలోని అతి పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లిది ఒకటి. చెరకు పరిశోధనకు 1913లోనే ఇక్కడ కేంద్రం ఏర్పాటైంది. ప్రస్తుతం అది ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలో ప్రాంతీయ పరిశోధన స్థానంగా కొనసాగుతోంది. తీపికి నిలయమైన ఇలాంటి ప్రాంతంలో దుకాణాల ఫ్రిజ్‌లు మాత్రం ఎక్కడో తయారైన రంగు నీళ్లతో నిండిపోతుండడం గమనార్హం.

పది రూపాయల గోడ

శీతల పానీయాల ధరను నిర్ణయించేది చిన్న తయారీదారు కాదు. పెద్ద కంపెనీ ఏ ధర పెడితే దానికి లోబడి అతను లెక్క వేసుకోవాల్సిందే. 2003లో బహుళజాతి సంస్థలు 200 మిల్లీలీటర్ల గాజు సీసాను ఐదు రూపాయలకే ఇచ్చి పల్లెలకు చేరువయ్యాయి. రెండు దశాబ్దాల తర్వాత అదే వ్యూహం కొత్త రూపంలో వచ్చింది. 2022లో కాంపా బ్రాండును కొనుగోలు చేసిన రిలయన్స్ సంస్థ, 2023 మార్చిలో దాన్ని తిరిగి మార్కెట్లోకి తెచ్చింది. తొలుత ఎంచుకున్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలనే. 200 మిల్లీలీటర్ల సీసా ధర పది రూపాయలుగా నిర్ణయించింది. దాంతో చిన్న సీసా అంటే పది రూపాయలేనన్న అభిప్రాయం వినియోగదారుల్లో బలపడింది. పేరు తెలియని స్థానిక పానీయానికి పన్నెండు రూపాయలు ఇవ్వమంటే కొనేవారు వెనుకాడతారు.

ఆ పది రూపాయలు ఎటు పోతాయో చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. తీపి గానీ, రుచి ద్రవ్యాలు గానీ కలిపిన గ్యాస్ పానీయాలపై 2017 జులై నుంచి 28 శాతం జీఎస్టీకి తోడు 12 శాతం పరిహార సెస్సు వసూలు చేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు తొలగించి పన్నునే 40 శాతం చేశారు. పేరు మారినా భారం మారలేదు. గొలుసులో అందరూ పన్ను పరిధిలో ఉంటే, పది రూపాయల గరిష్ఠ చిల్లర ధరలో రూ.2.86 పన్నుగానే వెళుతుంది. మిగిలేది రూ.7.14. ఉదాహరణకు అందులో దుకాణదారుకు రూపాయిన్నర, పంపిణీదారుకు అరవై పైసలు ఇచ్చారనుకుంటే తయారీదారు చేతిలో ఉండేది రూ.5.04 మాత్రమే. సీసా, మూత, లేబులు, పంచదార, గ్యాస్, కరెంటు, కూలీ, వ్యాను కిరాయి, బ్యాంకు వడ్డీ అన్నీ అందులోంచే రావాలి. ఆ తర్వాత ఏమైనా మిగిలితే అది లాభం.

విచిత్రమేమిటంటే ఈ మొత్తంలో పానీయం వాటా నామమాత్రం. 200 మిల్లీలీటర్ల తీపి పానీయంలో సుమారు 22 గ్రాముల పంచదార పడుతుంది. కిలో 45 రూపాయల లెక్కన దాని విలువ రూపాయి లోపే. నీరు, గ్యాస్, రుచి ద్రవ్యం కలిపినా పెద్దగా పెరగదు. ఖర్చంతా బయటి తొడుగుదే. పెద్ద కంపెనీ సీసాల ముడిసరుకును భారీ ఎత్తున కొంటుంది. సొంత యంత్రాలతో ఊదించుకుంటుంది. చిన్న తయారీదారు ప్రిఫారాలను బస్తాల లెక్కన కొని చిన్న యంత్రంపై సీసాలు ఊదించుకోవాలి, లేదంటే ఊదిన ఖాళీ సీసాలే కొనాలి. ఖాళీ సీసాలను రవాణా చేయడమంటే వ్యాను నిండా గాలిని మోయించడమే.

గీత దాటితే మోతే

చిన్నవారికి మినహాయింపులు లేవా అంటే ఉన్నాయి. అయితే అవి గాలిబుడగ దగ్గర ఆగిపోతున్నాయి. రాష్ట్రంలో సరుకుల వ్యాపారంలో వార్షిక టర్నోవరు 40 లక్షల రూపాయలు దాటని వారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. దుకాణానికి సీసా ఎనిమిది రూపాయలకు ఇచ్చే తయారీదారుకు ఇది ఏడాదికి ఐదు లక్షల సీసాలతో సమానం. వేసవి నాలుగు నెలల్లోనే వ్యాపారమంతా జరిగిందనుకుంటే రోజుకు నాలుగు వేల పైచిలుకు సీసాలు. ఒక మోస్తరు యంత్రం పెట్టుకుని, రెండు మూడు మండలాలకు వ్యాను తిప్పేవారు ఈ గీతను చేరడానికి ఎంతో కాలం పట్టదు.

గీత దాటగానే పూర్తి పన్ను మీద పడుతుంది. ఇతర వస్తువులు తయారు చేసే చిన్న పరిశ్రమలకు కోటిన్నర టర్నోవరు వరకు ఒక శాతం పన్నుతో సరిపెట్టే కాంపొజిషన్ పథకం ఉంది. ఐస్‌క్రీం, పాన్‌మసాలా, పొగాకు తయారీదారులను ఆ పథకం నుంచి మినహాయించినట్లే, 2019 అక్టోబరు 1 నుంచి గ్యాస్ పానీయాల తయారీదారులనూ బయటకు నెట్టారు. అంటే సున్నా నుంచి నేరుగా 40 శాతానికి దూకాలి, మధ్యలో మెట్టు లేదు. అందుకే ఎదగగల యూనిట్లు సైతం గీతకు ఇవతలే ఆగిపోవాలని చూస్తాయి. రిజిస్ట్రేషన్ లేకుండా ఉండిపోదామనుకున్నా కొనే మూతలు, లేబుళ్లు, గ్యాస్‌పై చెల్లించిన పన్ను తిరిగి రాదు. పొరుగునే ఉన్న ఒడిశాకు సరుకు పంపే వీలుండదు. రాష్ట్రం దాటించాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

అదే సమయంలో వేరే తలుపు కొంత తెరుచుకుంది. గ్యాస్ లేని పండ్ల రస పానీయాలు, లేత కొబ్బరినీళ్లు, పాలతో చేసిన పానీయాలపై పన్ను 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి తగ్గింది. తీపీ రుచీ లేని సాదా సోడాపై 18 నుంచి 5 శాతానికి దిగింది. పది రూపాయల పండ్ల రస పానీయంలో పన్ను 48 పైసలు. అదే పరిమాణంలోని తీపి సోడాలో రూ.2.86. రెండింటి మధ్య తేడా సీసాకు రూ.2.38. పది రూపాయల వ్యాపారంలో ఇది జీవన్మరణాల తేడా. మామిడి, జీడిమామిడి, నిమ్మ తోటలున్న జిల్లాలో కొత్తగా యూనిట్ పెట్టేవారు యంత్రం కొనకముందే ఈ లెక్క చూసుకోవడం మేలు.

పానకానికి తీపి లేదు

అనకాపల్లికి సహజంగా నప్పే పానీయం బెల్లం పానకం. శ్రీరామనవమికి ప్రతి ఇంటా కలిపే ఈ పానీయాన్ని సీసాలో పోస్తే చాలునని అనిపిస్తుంది. ఆచరణలో మూడు అడ్డంకులు ఎదురవుతాయి.

మొదటిది ముడిసరుకు. మార్కెట్లో తెల్లగా, పసుపు ఛాయలో మెరిసే దిమ్మకే మంచి ధర. ఆ రంగు కోసం వండేటప్పుడు హైడ్రోస్ వంటి రసాయనాలు వాడే అలవాటు ఏళ్లుగా ఉంది. బెల్లంలో గంధకపు డయాక్సైడ్ అవశేషం కిలోకు 70 మిల్లీగ్రాములు మించరాదన్నది ఆహార భద్రతా నిబంధన. పానీయాల తయారీకి రసాయనం తగలని బెల్లం కావాలి. అది ముదురు రంగులో ఉంటుంది, మార్కెట్లో ధర పలకదు. మరోవైపు నాటుసారా కాయడానికి వాడతారన్న కారణంతో నల్లబెల్లం అమ్మకాలపై ఎక్సైజ్ శాఖ నిఘా పెడుతూ వచ్చింది. వెరసి పానకానికి పనికొచ్చే బెల్లాన్ని వండే రైతుకు ప్రోత్సాహమే లేకుండా పోయింది.

రెండోది నిల్వ. బెల్లంలో సహజంగానే మడ్డి, ఈస్టు కణాలు ఉంటాయి. వడకట్టి, వేడిచేసి, పులుపు సరిచేయకుండా సీసాలో పోస్తే కొద్ది రోజుల్లోనే పులిసి మూత ఎగిరిపోతుంది. మూడోది పన్ను. పండ్ల రసం, పాలు, కొబ్బరినీళ్లు వంటి వర్గాల్లో ఇమడని ఇతర మద్యరహిత పానీయాలపై జీఎస్టీని 2025 సెప్టెంబరులో 18 నుంచి ఏకంగా 40 శాతానికి పెంచారు. గ్యాస్ లేకపోయినా సరే, ప్యాకింగ్ చేసిన పానకం ఆ చివరి వర్గంలో పడిందంటే కోలాతో సమానంగా పన్ను కట్టాల్సిందే. దిమ్మగా ప్యాక్ చేసి అమ్మితే బెల్లంపై పన్ను 5 శాతం. నీళ్లలో కరిగించి సీసాలో పోస్తే ఎనిమిది రెట్లు. రైతు పంటకు విలువ జోడించాలని సదస్సుల్లో ఉద్బోధించే ప్రభుత్వాలు ఈ వైరుధ్యాన్ని పట్టించుకోవాల్సి ఉంది.

రసం నిలిచేదెలా?

చెరకు రసానిది మరో కథ. పిండిన కొద్ది సేపటికే గాలి తగిలి నల్లబడుతుంది, గంటల వ్యవధిలో పులుపెక్కుతుంది. రసంలోని ఎంజైములు రంగు మారుస్తాయి. తీపి అధికంగా, ఆమ్లత తక్కువగా ఉండటంతో సూక్ష్మజీవులకు అది విందు భోజనం. చెరకు రసం పీహెచ్ విలువ సాధారణంగా 5కు పైనే ఉంటుంది. నిమ్మరసం లేదా సిట్రిక్ ఆమ్లం కలిపి దాన్ని 4.5 లోపునకు తెచ్చి, ఆపై వేడిచేస్తేనే కొంతకాలం నిలుస్తుంది. ఎక్కువ వేడిచేస్తే రసం వాసన పోయి పాకం వాసన వస్తుంది. తక్కువ చేస్తే పాడవుతుంది. ఆ మధ్య ఉన్న సన్నని దారిని పట్టుకోవడానికి ఉష్ణోగ్రతను కచ్చితంగా నియంత్రించే యంత్రం కావాలి.

సీసా ఎంపిక కూడా ఇక్కడే తేలాలి. సాధారణ ప్లాస్టిక్ సీసా సుమారు 70 డిగ్రీల వేడి దాటితే ముడుచుకుపోతుంది. మరిగే రసాన్ని నేరుగా పోయాలంటే వేడిని తట్టుకునే ప్రత్యేక సీసా గానీ, గాజు సీసా గానీ వాడాలి. రెండూ ఖరీదే. గ్యాస్ పానీయాలకు వేడి సమస్య లేదు గానీ చలి సమస్య ఉంది. నీరు ఎంత చల్లగా ఉంటే గ్యాస్ అంత బాగా కరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో చిల్లర్ లేకుండా నింపితే సీసా తెరిచిన వెంటనే బుస్సుమని గ్యాస్ అంతా పోతుంది. పైగా ప్లాస్టిక్ గోడల గుండా గ్యాస్ నెమ్మదిగా తప్పించుకుంటుంది. సీసా చిన్నదయ్యే కొద్దీ లోపలి పానీయంతో పోల్చితే గోడ వైశాల్యం ఎక్కువ కనుక చిన్న సీసా త్వరగా చప్పబడుతుంది. పది రూపాయల సీసాను నెలల తరబడి దుకాణంలో ఉంచితే తయారీదారు పేరే చెడుతుంది.

తాటి నీరాది ఇంకా సున్నితమైన వ్యవహారం. దించిన క్షణం నుంచే చల్లగా ఉంచకపోతే పొద్దెక్కేసరికి కల్లుగా మారుతుంది. పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధన స్థానంలో నీరా, తాటి ఉత్పత్తులపై పరిశోధనలు జరిగాయి. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మేలో నీరా కేఫ్‌ను ప్రారంభించారు. చెట్టు నుంచి గ్లాసు వరకు చల్లదనం తెగకుండా చూడగలిగిన చోటే ఈ పానీయం నిలదొక్కుకుంటుంది.

నిలిచినవారు ఎలా నిలిచారు?

చిన్న తయారీదారులకు భవిష్యత్తే లేదనుకోవడం సరికాదు. గోదావరి డెల్టాలోని రామచంద్రపురంలో అద్దూరి రామచంద్రరాజు 1919లో నాటిన సోడా వ్యాపారమే నేటి ఆర్టోస్. కోకాకోలా 1977లో దేశం విడిచి వెళ్లింది. 1993లో తిరిగి వచ్చి థమ్సప్, గోల్డ్‌స్పాట్, లిమ్కా వంటి దేశీయ బ్రాండ్లను సొంతం చేసుకుంది. ఆ తుపానులోనూ ఆర్టోస్ కొట్టుకుపోలేదు. 2019లో వందేళ్లు పూర్తి చేసుకుంది. దేశమంతా విస్తరించాలని పరుగులు తీయకుండా తన నేలనే నమ్ముకోవడం దాని బలం. తమిళనాడులో 1916లో మొదలైన కాళీమార్క్ సంస్థ బొవొంటో పానీయంతో అదే బాటలో నడిచింది. 2017లో జల్లికట్టు ఉద్యమం తర్వాత అక్కడి వర్తక సంఘాలు విదేశీ పానీయాల అమ్మకాన్ని నిలిపివేయాలని పిలుపునిచ్చినప్పుడు బొవొంటో పేరు మార్మోగింది. సూరత్‌లో 1923లో పుట్టిన సోస్యో మాత్రం 2023లో సగం వాటాను రిలయన్స్‌కు అప్పగించి పెద్ద పెట్టుబడి నీడకు చేరింది. దగ్గరి మార్కెట్‌కే పరిమితమై నిలవడం, లేదా పెద్దవారితో చేతులు కలపడం అన్న రెండు దారులే ఈ చరిత్రలో కనిపిస్తాయి.

గోలీ సోడా ఉదంతం కూడా ఆలోచింపజేసేదే. ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ 1870ల్లో పేటెంట్ పొందిన ఈ సీసాలో గోలీయే మూత. గ్యాస్ ఒత్తిడి దాన్ని రబ్బరు రింగుకు అదిమి పట్టుకుంటుంది. ఏ మూతా కొనక్కర్లేదు, ఏ లేబులూ అతికించక్కర్లేదు. కడిగి మళ్లీ నింపడమే. 2025 మార్చిలో కేంద్ర వాణిజ్య శాఖ, అపెడా సంస్థలు ‘గోలీ పాప్ సోడా’ పేరిట దీన్ని గల్ఫ్, ఐరోపా, అమెరికా మార్కెట్లకు పరిచయం చేస్తున్నట్లు ప్రకటించాయి. ఊళ్లో పాతబడిందనుకున్న సీసా విదేశాల్లో కొత్త సరుకైంది.

గాజుకూ ఓ లెక్క

గాజు సీసా తిరిగి వస్తుంది కనుక ఖర్చు కలిసొస్తుందన్నది నిజమే. అయితే దానికీ పెట్టుబడి కావాలి. రోజుకు 500 సీసాలు అమ్మే యూనిట్‌కు ఖాళీ సీసా తిరిగి రావడానికి నాలుగు రోజులు పడితే రెండు వేల సీసాలు ఎప్పుడూ వీధిలోనే ఉంటాయి. నింపేందుకు, కడిగేందుకు, పగిలిన వాటికి బదులుగా మరికొన్ని ఉండాలి. 24 సీసాల క్రేటులో 200 మిల్లీలీటర్ల చొప్పున పానీయం బరువు ఐదు కిలోలు కూడా ఉండదు. సీసాలు, క్రేటు కలిపి అంతకన్నా ఎక్కువే తూగుతాయి. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు మోయాల్సింది ఆ బరువునే. డీజిల్ ధర లెక్కిస్తే వ్యాను ఉదయం బయలుదేరి మధ్యాహ్నానికి తిరిగి రాగలిగినంత దూరమే గాజు సీసాకు గిట్టుబాటు.

ఇక దుకాణంలో చోటు సంపాదించడం చివరి పరీక్ష. పెద్ద కంపెనీలు దుకాణదారులకు ఫ్రిజ్‌లు సమకూరుస్తాయి. వాటిలో తమ సరుకే ఉండాలని షరతు పెడతాయి. స్థానిక సీసా ఎండలో అట్టపెట్టెలో ఉండిపోతుంది. చల్లగా లేని సోడాను అడిగి కొనేవారు ఉండరు. ఎమ్మార్పీకి మించి కూలింగ్ చార్జీ వసూలు చేయడం నిబంధనలకు విరుద్ధం కనుక, కరెంటు ఖర్చు పెట్టి మరీ తక్కువ లాభమిచ్చే సీసాను చల్లబరచడానికి దుకాణదారు ఆసక్తి చూపడు.

ఏం చేయాలి?

ఒక్కొక్కరుగా ఈ నాలుగు లెక్కలను గెలవడం కష్టం. కలిసికట్టుగా అయితే సాధ్యమే. జర్మనీలో మినరల్ వాటర్ సంస్థలు 1969లో ఒకే నమూనా గాజు సీసాను ఉమ్మడిగా ప్రవేశపెట్టాయి. ఏ కంపెనీ సీసా ఏ కంపెనీకి చేరినా కడిగి, తన లేబులు అతికించి నింపుకోవచ్చు. ఖాళీ సీసా దాన్ని నింపిన ఊరికే తిరిగి ప్రయాణించాల్సిన పని తప్పింది. అనకాపల్లి, చోడవరం, యలమంచిలి, నర్సీపట్నం ప్రాంతాల తయారీదారులు కలిసి పేరు ముద్రించని ఒకే రకం సీసాను, ఒకే డిపాజిట్ ధరను ఎంచుకుంటే సీసా ఖర్చు, రవాణా ఖర్చు రెండూ దిగివస్తాయి. ఇతర కంపెనీల పేరు చెక్కిన పాత సీసాలు నింపి చట్టపరమైన చిక్కుల్లో పడే ముప్పూ తప్పుతుంది.

రెండోది ఉమ్మడి యూనిట్. చిల్లర్, పాశ్చరైజర్, నీటి పరీక్ష పరికరాలు ప్రతి ఒక్కరూ కొనలేరు. చెరకు పరిశోధన స్థానం సాంకేతిక సలహాతో ఒక ఉమ్మడి కేంద్రం ఏర్పాటు చేస్తే రైతు సంఘాలు, మహిళా సంఘాలు రోజుల వంతున వాడుకోవచ్చు. సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల కోసం కేంద్రం 2020లో ప్రారంభించిన పథకంలో వ్యక్తిగత యూనిట్లకు 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల రూపాయల రుణ అనుసంధాన రాయితీతో పాటు ఉమ్మడి వసతులకూ చోటు కల్పించారు. ఆ నమూనా చేతిలో ఉండగా కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

మూడోది పన్ను. చిన్న యూనిట్లను కాంపొజిషన్ పథకంలోకి తిరిగి అనుమతించడం, బెల్లం, చెరకు ఆధారిత పానీయాలను పండ్ల రసాలతో పాటు 5 శాతం శ్లాబులో చేర్చడం జీఎస్టీ మండలి చేతిలోని పని. దానికి రాష్ట్ర ప్రభుత్వం గట్టిగా పట్టుబట్టాలి. జీడిమామిడి, మామిడి రసాలకు దక్కిన వెసులుబాటు చెరకుకు దక్కకపోవడానికి హేతువు కనిపించదు.

ఈలోగా తయారీదారు చేయగలిగింది పది రూపాయల సీసా జోలికి పోకుండా ఉండడమే. పెళ్లిళ్లు, జాతరలు, కార్యాలయాల క్యాంటీన్లకు పెద్ద క్యాన్లలో చల్లగా సరఫరా చేస్తే చిన్న సీసా, మూత ఖర్చు ఉండదు. దుకాణదారు ఫ్రిజ్‌తో పని లేదు. నాణ్యతలో రాజీ పడకుండా ఆహార భద్రతా రిజిస్ట్రేషన్, నీటి పరీక్ష నివేదిక, తయారీ తేదీ సక్రమంగా ఉంచుకుంటే తనిఖీల భయమూ ఉండదు. చెరకు రసం బండి నేర్పుతున్న పాఠం ఇదే. సీసా లేని చోట ఆ బండి లాభం చూస్తోంది. సీసా తప్పనిసరైన చోట దాని బరువును పది మందీ పంచుకోవాలి. లేకుంటే వచ్చే జాతరకూ అనకాపల్లి బెల్లం దిమ్మలుగా లారీలెక్కి వెళ్లిపోతుంది. భక్తులు మాత్రం ఎక్కడి నుంచో వచ్చిన సీసాల మూతలు తిప్పుతారు.